మూత తీసే ముందు

బస్తర్‌లోని కొండగావ్ ప్రాంతంలో ఎడెంగా అనే ఊరుంది. 1939లో అక్కడ 32 బంగారు నాణేలు వెలుగుచూశాయి. మనకు అలవాటైన మందపాటి నాణేలు కావవి. పల్చటి బంగారు రేకును అచ్చు మీద పరిచి, వెనకనుంచి నొక్కి బొమ్మ తేల్చినవి. ఒక్కోటి ఒకటిన్నర గ్రాముకు మించదు. ముందువైపు పడుకున్న మూపురపు ఎద్దు, దానిపైన నెలవంక, కింద రాజు పేరు. ప్రతి అక్షరం తలమీదా ఓ చిన్న పెట్టె ఆకారం. వెనకవైపు చూస్తే ఆ బొమ్మ తాలూకు గుంట తప్ప ఇంకేమీ ఉండదు. వాటి మీద మూడు పేర్లున్నాయి: వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి. ముగ్గురూ నలవంశపు రాజులు. భవదత్తుడి పేరు విదర్భలో దొరికిన రిథ్‌పూర్ రాగిరేకుల్లో ఉంది. అర్థపతి పేరు అప్పటి కోరాపుట్ జిల్లాలోని కేసరిబేడ రేకుల్లో ఉంది. వరాహరాజు పేరు మాత్రం ఏ శాసనంలోనూ లేదు. చరిత్ర పండితుడు వాసుదేవ విష్ణు మిరాశి ఆ నాణేలను చదివి ప్రకటించకపోతే అలాంటి రాజు ఒకడున్నాడన్న సంగతే చరిత్రకు అందేది కాదు. వేలితో గట్టిగా అదిమితే సొట్టపోయే రేకు మీద ఒక రాజు ఉనికి మొత్తం ఆధారపడి ఉంది.

ఇలాంటి నాణేలున్న కుండ ఒకటి రేపు బస్తర్‌లో ఏ పొలం దున్నుతుంటేనో, ఏ రోడ్డు పనిలోనో మళ్లీ బయటపడితే ఏం చేయాలి? అక్కడికక్కడ మూత తీసి చూడాలా, మూసి ఉన్నదాన్ని మూసినట్టే ఉంచాలా? లంకెబిందె అనగానే మన ఊళ్లలో మొదట లేచే మాట ‘లోపల ఏముంది’ అన్నదే. ఆ ఆత్రం సహజం, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ప్రశ్నకు సమాధానం వెతికే పని ఒక్కసారే చేయగలం. ఒకసారి ఒంపేసిన కుండను మళ్లీ మొదటిలా నింపడం ఎవరివల్లా కాదు. అందుకే దొరికినచోట మూత తీయకూడదని, అలాగని ఎప్పటికీ మూసి ఉంచనూ కూడదని, తీసేది రాసుకోగల చేతులై ఉండాలని ఈ వ్యాసం వాదిస్తోంది. ఇది చరిత్రకారుల సౌకర్యం కోసం చెబుతున్నది కాదు. మూసి ఉన్న కుండ అన్నిటికన్నా ఎక్కువగా కాపాడేది దాన్ని కనుగొన్న మనిషినే. మన చట్టం ఆ సంగతి గుర్తించకపోవడమే అసలు చిక్కు.

అమెరికాలో నాణేలు సేకరించేవాళ్లకు ఇదే తర్కం చిన్న రూపంలో ఎదురవుతుంది. అక్కడ బ్యాంకులు నాణేలను కాగితంలో చుట్టచుట్టి ఇస్తాయి. పావు డాలరు నాణేలైతే చుట్టకు 40. దశాబ్దాలుగా ఎవరూ విప్పని పాత చుట్టలు అమ్మకానికి వస్తాయి. రెండు కొసల్లో ఉన్న నాణేలు తప్ప లోపలివి కనబడవు. ఎవరూ వెతకలేదన్న ఆ ఒక్క మాటకే కొనేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. విప్పితే ఆ ధర పోయి, లోపల ఉన్నదాని ధరే మిగులుతుంది. అయితే తెలివైనవాళ్లు విప్పకుండానే సగం సంగతి రాబడతారు. 1964 దాకా వచ్చిన పావు డాలరులో 90 శాతం వెండి, బరువు 6.25 గ్రాములు. తరువాతిది రాగి, నికెల్ కలిసిన 5.67 గ్రాముల నాణెం. నలభై నాణేల మీద తేడా 23 గ్రాములకు పైనే. అది వంటింటి త్రాసుకు కూడా చిక్కుతుంది. మన పాత రూపాయల దగ్గర ఈ త్రాసు పరీక్ష పనిచేయదు. బ్రిటిష్ కాలపు రూపాయిలో మొదట 91.7 శాతం వెండి ఉండేది, 1940లో దాన్ని సగానికి దించారు, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. మూడింటి బరువూ 11.66 గ్రాములే. కానీ నికెల్‌ను అయస్కాంతం లాగుతుంది, వెండిని లాగదు. బస్తర్ ఆదివాసీ స్త్రీల మెడలో దండగా మారిన రూపాయలైనా, గుడ్డలో బిగించి అటక మీద దాచిన రూపాయలైనా, ముడి విప్పకుండానే ఒక అయస్కాంతం కొంత చెబుతుంది. విప్పాలా వద్దా అని ఆలోచించే ముందు విప్పకుండా ఎంత తెలుసుకోగలమని అడగడం ఈ చిన్న చుట్ట నేర్పే పాఠం.

కుండ విషయం ఇంతకన్నా లోతైనది. చుట్టలో పోయేది ఆశకు కట్టిన ధర మాత్రమే. కుండలో పోయేది సమాచారం. 2010 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర డేవ్ క్రిస్ప్ అనే ఆయనకు పొలంలో రోమన్ నాణేలు నిండిన కుండ తగిలింది. అది కుండ అని అర్థమవగానే తవ్వడం ఆపి కబురు పెట్టాడు. పురావస్తు నిపుణుడు అలాన్ గ్రాహం వచ్చి కుండను నేలలో ఉండగానే పొరలు పొరలుగా ఖాళీ చేశాడు. ఏ పొర నాణేలు ఆ పొర సంచిలోనే వేసి గుర్తు రాశాడు. మొత్తం 52,503 నాణేలు, దాదాపు 160 కిలోలు. వాటిలో అందరికన్నా చివర వచ్చిన పాలకుల్లో ఒకడైన కరౌసియస్ నాణేలు ఎక్కువగా కుండ పైభాగంలో లేవు, కిందవైపు ఉన్నాయి. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దాచిన సొమ్మయితే చివరి నాణేలు పైన ఉండాలి. కాబట్టి అంతా ఒకేసారి పోశారని తేలింది. అంత బరువును ఆ పల్చటి కుండ మోయలేదు గనుక ముందు కుండను గోతిలో పెట్టి తరువాత నింపారనీ తెలిసింది. దాంతో ప్రమాదం ముంచుకొచ్చి దాచుకున్న సొమ్మా, దేవతలకు సమర్పించిన సొమ్మా అన్న చర్చే కొత్త మలుపు తిరిగింది. ఈ ఎరుక ఏ ఒక్క నాణెం మీదా రాసి లేదు. అంతా నాణేల మధ్య ఉన్న సంబంధంలో ఉంది. నలుగురు గుమిగూడి దుప్పటి మీద ఒంపి ఉంటే నాణేలన్నీ క్షేమంగానే ఉండేవి, ఈ సంగతి మాత్రం మాయమయ్యేది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఒకేసారి గుప్పిళ్లతో పోసిన కుండలో వరుస అంటూ ఏముంటుంది? పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలు కుండల్లో వేల సంఖ్యలో బయటపడ్డాయి. అలాంటిచోట ప్రతి నాణెం స్థానం రాసుకోవడం వృథా ప్రయాస కాదా? చాలా కుండల్లో వరుస ఉండకపోవచ్చు, ఒప్పుకోవలసిందే. కానీ వరుస లేదన్న సంగతి కూడా పొరలవారీగా తీస్తేనే తెలుస్తుంది. ఫ్రోమ్ కుండ నేర్పింది సరిగ్గా అదే. పైగా కుండలో ఉండేవి నాణేలు మాత్రమే కాదు. కట్టిన గుడ్డ పీలిక, చుట్టూ కూరిన గడ్డి, అడుగున పట్టిన మట్టి, అందులో ఇరుక్కున్న గింజ కూడా ఉంటాయి. మూత తీసిన క్షణంలో జనం మొదట దులిపి పారేసేవి ఇవే. ఎడెంగా రేకుల విషయంలో ఇది చిన్న మాట కాదు. ఇంత పల్చటి నాణేలు సంతలో నిజంగా చేతులు మారాయా, లేక దానానికో వేడుకకో ప్రత్యేకంగా చేయించినవా అన్న చర్చ పండితుల్లో ఉంది. దక్షిణ కోసల రాజులు మహేంద్రాదిత్య, ప్రసన్నమాత్రుల నాణేలూ ఇదే తీరువి కాబట్టి ఈ చర్చ ఛత్తీస్‌గఢ్ ప్రాచీన ఆర్థిక వ్యవస్థ మొత్తానికి సంబంధించినది. రేకులు మడతపెట్టి ఉన్నాయా, ఒకదానిలో ఒకటి దొంతరగా పేర్చి ఉన్నాయా, నగలతో కలిసి ఉన్నాయా అన్నది ఆ చర్చను తేల్చగల సాక్ష్యం. దొంతరగా ఉన్న రేకులను గోళ్లతో విడదీస్తే సాక్ష్యమూ పోతుంది, బొమ్మా పోతుంది.

పోయేది సంబంధాలే కాదు, నాణేలు కూడా. 1946 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని బయానా దగ్గర పిల్లలకు ఓ రాగి బిందె దొరికింది. నిండా గుప్తుల బంగారు నాణేలు. ఊరు ఊరంతా పంచుకుంది. భరత్‌పూర్ సంస్థానం తేరుకుని రాబట్టేలోపు దాదాపు 280 నాణేలు కరిగిపోయాయి. 1,821 మిగిలాయి. నాణేల పండితుడు అల్తేకర్ వాటిని పరిశీలించి జాబితా రాశారు. అందులో చక్రవిక్రమ అనే రకం నాణెం ఒక్కటంటే ఒక్కటే ఉంది. ఆ ఒక్కటి కంసాలి కుంపట్లో పడ్డ మూటలోకి వెళ్లి ఉంటే చంద్రగుప్త విక్రమాదిత్యుడు అలాంటి నాణెం వేయించాడని ఎవరికీ తెలిసేది కాదు. కరిగిన 280లో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కగట్టే దారి లేదు. గుప్తులకు శాసనాలున్నాయి, సాహిత్యముంది, విదేశీ యాత్రికుల రాతలున్నాయి. ఒక నాణెం పోయినా కథ కూలిపోదు. నలులకు ఆ ఆసరా లేదు. నాలుగైదు శాసనాలు, కొన్ని డజన్ల నాణేలు, బాదామి చాళుక్య కీర్తివర్మ జయించినవారి జాబితాలో వాళ్ల పేరు చెప్పే 634 నాటి ఐహోళె శాసనం. వాళ్ల గురించి చేతిలో ఉన్నది దాదాపు ఇంతే. దుర్గ్ ప్రాంతపు కులియాలో దొరికిన నాణేలు నందనరాజు, స్తంభుడు అనే మరో రెండు పేర్లు చేర్చాయి. అవి కూడా ఏ శాసనంలోనూ లేని పేర్లే. బస్తర్ మట్టిలో ఒక కుండ చెదిరితే ఒక రాజే చెదిరిపోవచ్చు. గంగా మైదానంలో ఉన్నంత వెసులుబాటు ఇక్కడ లేదు.

చెదిరిన నాణేలు కూడా గొప్ప సంగతులు చెప్పాయి కదా అని తెలుగువాళ్లు అడగవచ్చు. అడగాలి కూడా. కోటిలింగాల ఉదాహరణ మన ముందే ఉంది. గోదావరి ఒడ్డున వానలకు తేలిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా ఏరి భద్రపరచకపోతే, శాసన పండితుడు పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రకటించకపోతే గోబద, నారన, సమగోప లాంటి రాజుల పేర్లు చరిత్రలోకి వచ్చేవే కావు. శాతవాహన వంశకర్త ఛిముకుని నాణేలు ఆ వంశం పుట్టుక మీద ఉన్న పాత నమ్మకాలను కదిలించాయి. ఆ సేవను తక్కువ చేయడం కృతఘ్నత. కానీ ఆ తరువాత జరిగింది కూడా చూడాలి. ఈ పేర్లలో ఎవరు ముందు, ఎవరు తరువాత, శాతవాహనులకు ముందున్నవాళ్లెవరు అనే ప్రశ్నలు రాగానే ఏరిన నాణేలు మౌనం వహించాయి. పొరల లెక్క కోసం పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలకు దిగవలసి వచ్చింది. ఏరిన నాణెం పేరు చెబుతుంది, ఉన్నచోట ఉన్న నాణెం కాలం చెబుతుంది. నలుల విషయంలోనూ మిరాశి వరాహరాజును మిగతా ఇద్దరికన్నా ముందు పెట్టింది ప్రధానంగా అక్షరాల రూపాన్ని బట్టి. లిపి మంచి ఆధారమే, కానీ అర్ధ శతాబ్దం అటూ ఇటూ అయ్యే ఆధారం. నదీ ప్రవాహం చెదరగొట్టిన నాణేలను ఏరక తప్పదు. చెదరని కుండను మనమే చెదరగొట్టడానికి అది సాకు కాకూడదు.

తెలుగు పాఠకుడికి బస్తర్ కుండతో ఏం పని అనుకోనక్కర్లేదు. బస్తర్‌లోని బార్సూరులో నాగవంశపు రాణి గంగమహాదేవి వేయించిన శాసనం తెలుగులో ఉంది. మన శాసనాలు చెప్పే చక్రకూటం ఈ నేలే. ఓరుగల్లు పడిపోయాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని చెబుతారు. దానికి ముఖ్యమైన రాత ఆధారం 1703 నాటి దంతేవాడ శాసనం. ఓరుగల్లు పతనం 1323లో జరిగింది. మధ్యలో 380 ఏళ్ల ఎడం ఉంది. వంశ గౌరవం కోసం ఏ రాజైనా గొప్ప పూర్వికులను చెప్పుకోగలడు కాబట్టి ఆ శాసనం ఒక్కదానితో విషయం తేలదు. నాగుల పాలన ముగిసి కొత్త పాలన మొదలైన ఆ పద్నాలుగో శతాబ్దంలో ఎవరో భయపడి పాతిపెట్టిన కుండ ఒకటి చెదరకుండా దొరికితే, అందులో ఏ నాణేలు ఏ నాణేలతో కలిసి ఉన్నాయన్నది ఈ చర్చకు సమకాలీన సాక్ష్యం అవుతుంది. అవే నాణేలు విడివిడిగా జగదల్‌పూర్ బజారులోనో హైదరాబాద్ వేలంలోనో కనబడితే అవి అందమైన వస్తువులు, అంతే. ఎక్కడ దొరికాయో, వేటితో దొరికాయో తెలియని నాణెం ఈ ప్రశ్నకు సాక్షి కాలేదు.

ఇంత భయం ఉన్నప్పుడు అసలు తెరవకుండానే ఉంచితే పోలేదా అన్నది రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం. దానికి మన దేశంలో గౌరవనీయమైన ఉదాహరణే ఉంది. తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయంలో 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో నేలమాళిగలు తెరిచి జాబితా మొదలుపెట్టినా బి గది మూసే ఉంది. 2020 జూలై 13 తీర్పులో కోర్టు ఆ నిర్ణయాన్ని ఆలయ కమిటీలకే వదిలింది. భక్తుల విశ్వాసం ఒక కారణమైనప్పుడు ఆ తలుపు మూసి ఉండటంలో నాకు తప్పు కనబడదు. ఆ గది అక్కడే ఉంటుంది, దానికి కాపలా ఉంటుంది, రేపటి తరం కావాలంటే తెరుచుకుంటుంది. పూరీ జగన్నాథ ఆలయ రత్నభండారంలో 1978లో జాబితా రాశాక, ఆ పని కోసం మళ్లీ తలుపులు తెరిచింది 2024 జూలైలోనే. ఆ తరువాత హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రాడార్‌తో గోడలను, నేలను పగలగొట్టకుండా పరిశీలించింది. కట్టడం ఆగుతుంది. నేలలోంచి లేచిన కుండ ఆగదు. మట్టిలో శతాబ్దాలుగా ఉన్న రాగి, వెండి అక్కడి తేమతో, ఉప్పుతో ఒక సర్దుబాటుకు వచ్చి ఉంటాయి. గాలి తగలగానే ఆ సర్దుబాటు చెడుతుంది. బస్తర్ వానాకాలపు తేమలో, లోహంలో చిక్కుకున్న క్లోరైడ్లు మేలుకుని రాగి నాణేలను ఆకుపచ్చ పొడిగా మారుస్తాయి. బంగారం తట్టుకుంటుంది, మిగతావి తట్టుకోవు. కుండలో ఏ లోహముందో తెలియనప్పుడు బంగారమనే ధీమాతో అలమరాలో పెట్టి తాళం వేయలేం. కుండను కదపకుండా నేలలో వదిలేయడం ఒక దారి. ఒకసారి కదిపాక కాలం మొదలవుతుంది. మూసి ఉంచాలన్న మాటకు గడువు కూడా ఉండి తీరాలి.

ఆ గడువులో చేయగల పని ఈ రోజుల్లో చాలా ఉంది. ఇటలీలో వెసూవియస్ బూడిద కింద కాలి బొగ్గయిన హెర్క్యులేనియం పపైరస్ గ్రంథాల చుట్టలను పద్దెనిమిదో శతాబ్దం నుంచి విప్పబోయి ఎన్నో ముక్కలు చేశారు. విప్పకుండా మిగిల్చినవాటిని ఎక్స్‌రే స్కానింగుతో పొరలు వేరుచేసి చదవడం 2023లో మొదలైంది. ఆగినవాళ్ల ఓపిక వల్లే ఆ అక్షరాలు మిగిలాయి. నాణేల కుండలకూ ఈ పద్ధతి వాడుతున్నారు. దాని పరిమితి దాచనక్కర్లేదు. మనుషుల కోసం చేసిన ఆసుపత్రి స్కానింగు యంత్రం కిక్కిరిసిన లోహాన్ని చీల్చుకుని చూడలేదు. తెరమీద గీతలు గీతలుగా చెదిరిన బొమ్మ వస్తుంది. కానీ కుండలో లోహం ఎంతమేరకు ఉంది, పైన మట్టి ఎంత, పగుళ్లు ఎక్కడ అన్నమాత్రం చెప్పినా తీసేవాడికి చేయి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఇంకా బలమైన కిరణాలతో వెల్డింగు అతుకుల్లో లోపాలు వెతికే పరికరాలు పరిశ్రమల్లో ఉన్నాయి. భిలాయి లాంటి ఉక్కు పట్టణం ఉన్న రాష్ట్రానికి ఆ పరిజ్ఞానం కొత్తది కాదు. ఎడెంగా తరహా పల్చటి రేకులైతే కిరణాలకు అడ్డు కూడా తక్కువ. అన్నీ చేశాక కూడా చివరకు మూత తీయవలసిందే. బ్రిటిష్ రాచరికానికి చెందిన జెర్సీ దీవిలో 2012లో దొరికిన సుమారు 70 వేల నాణేల ముద్దను మొత్తంగా పెకలించి ప్రయోగశాలకు చేర్చి, ఒక్కొక్క నాణెం స్థానం కొలుస్తూ విడదీయడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. మనకు అంత సొమ్ము, అంత తీరిక లేకపోయినా పొరకో ఫొటో, పొరకో సంచి, సంచికో చీటీ మన తాహతులోనివే.

ఇప్పటివరకు చెప్పిందంతా కుండ వైపు నుంచి. మనిషి వైపు నుంచి చూస్తే ప్రశ్న మారుతుంది. కుండ దొరికినవాడు బహుశా పొలంలో పలుగు పట్టుకున్న కూలీ. మూసి ఉంచు, కలెక్టరుకు కబురు చెయ్యి అంటే అతనికి నమ్మకం ఎక్కడిది? దారిలో నాలుగు చేతులు మారి, చివరికి సగం నాణేలే లెక్కకు వస్తే దొంగతనం ఎవరి మీద పడుతుంది? ఈ భయం ఊహించినది కాదు, మన గ్రామాల అనుభవంలోంచి వచ్చినది. సరిగ్గా ఈ భయానికే మూసి ఉన్న కుండ మందు. ఒంపి లెక్కపెట్టిన నాణేల్లోంచి రెండు తీయడం తేలిక, ఆ లెక్కను మార్చి రాయడం ఇంకా తేలిక. మట్టితో సహా కుండను గ్రామసభ ముందు తూచి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేసి, పంచనామాలో బరువు రాసి ఒక ప్రతి దొరికినవాడి చేతిలో పెడితే, ఆ తరువాత ఒక్క నాణెం మాయమైనా త్రాసే పట్టిస్తుంది. మూత తెరిస్తే అతని మాటకు అధికారి మాట పోటీ వస్తుంది. మూసి ఉంటే అతని తరఫున బరువు మాట్లాడుతుంది. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే నగలున్న బిందె బయటపడినప్పుడు జనం ఎలా ఎగబడ్డారో పత్రికలు రాశాయి. అంతమంది చేతులు వేయగల చోట తరువాత ఎవరి నిజాయితీ మీద అనుమానం వచ్చినా దాన్ని తుడిచే సాధనం ఉండదు.

కానీ చట్టం ఏమంటోంది? 1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ నోటీసులో నిధి స్వభావం, పరిమాణం లేదా సుమారు విలువ, దొరికిన చోటు, తేదీ ఉండాలి. స్వభావం, పరిమాణం చెప్పాలంటే మూత తీయక తప్పదు. నేలలోని సాక్ష్యాన్ని కాపాడవలసిన చట్టమే మొదటి అడుగులో చెదరగొట్టమంటోంది. ఆ తరువాత కలెక్టరు ప్రకటన, నాలుగు నుంచి ఆరు నెలల ఎదురుచూపు, సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాడికి ముప్పాతిక, భూమి యజమానికి పావు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ప్రభుత్వం ఆ నిధిని తీసుకోదలిస్తే ఇవ్వవలసిన వెల 16వ సెక్షన్‌లో ఉంది: లోహం విలువ, దానికి ఐదో వంతు అదనం. అంటే వరాహరాజు పేరు మోసే రేకుకూ కంసాలి దుకాణంలోని బంగారు తునకకూ లోహం దగ్గర తేడా లేదు, చరిత్ర అంతా కలిపి ఐదో వంతు. చెప్పకుండా దాచితే వాటా పోవడమే కాక ఏడాది దాకా జైలు. ఇటు చూస్తే కొసరు, అటు చూస్తే కటకటాలు. చీకట్లో వచ్చిన వ్యాపారి మాత్రం లోహం మీద నాలుగింతలు చూపిస్తాడు. ఇలాంటి లెక్కలో నిలబడిన పేదవాడు మూత తీసి నాలుగు నాణేలు పక్కన పెట్టుకుంటే అతని నైతికత గురించి ఉపన్యసించే హక్కు మనకు లేదు.

ఇంగ్లండ్ ఈ ముడిని డబ్బుతోనే విప్పింది. 1996 నాటి అక్కడి నిక్షేపాల చట్టం దొరికినదానికి మార్కెట్ ధర ఇమ్మంటుంది. ధర కట్టేది స్వతంత్ర కమిటీ. సాధారణంగా సగం కనుగొన్నవాడికి, సగం భూమి యజమానికి. నిర్లక్ష్యంగా పాడుచేస్తే బహుమతిలో కోత ఉంటుంది. ఫ్రోమ్ కుండకు 3,20,250 పౌండ్లు కట్టారు. తవ్వడం ఆపిన డేవ్ క్రిస్ప్ నిగ్రహం గొప్పదే, అయితే ఆ నిగ్రహానికి చట్టం అండగా నిలిచింది. అక్కడ ఇప్పుడు ఏటా వెయ్యికి పైగా నిధులు అధికారికంగా నమోదవుతున్నాయి. ధనిక దేశం ఇవ్వగలదు, మనమెక్కడ తేగలమని అనేవాళ్లుంటారు. ఈ పని కోసం కోట్లు అక్కర్లేదు. ఎడెంగా నాణేలన్నీ కలిపినా బంగారం యాభై గ్రాములకు లోపే. దానికి మార్కెట్ ధర ఇవ్వడం ఏ రాష్ట్ర ఖజానానూ కుంగదీయదు. మార్కెట్ ధర ఇస్తే నిధుల వేట పెరుగుతుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. గుప్తనిధుల పేరుతో గుళ్లలో నందులను పెకలించే ముఠాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే బహుమతిని రెండు షరతులకు కట్టాలి. రక్షిత స్థలంలోనో గుడిలోనో తవ్వినదానికి రూపాయి కూడా ఇవ్వకూడదు. మూత తీయకుండా అప్పగించిన కుండకు పూర్తి ధర, తీసి అప్పగించినదానికి తక్కువ ధర ఉండాలి. అప్పుడు మూసి ఉంచడం త్యాగం కాకుండా లాభం అవుతుంది.

బస్తర్‌లో దీన్ని నడపడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఊరికి కాపలా చూసే కోట్వార్ ఉన్నాడు, భూమి లెక్కలు చూసే పట్వారీ ఉన్నాడు. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం, అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం కింద గ్రామసభకు ప్రత్యేకమైన హోదా ఉంది. తూకం, సీలు, పంచనామా ఆ సభ సమక్షంలో జరిగితే కుండ ఊరి ఎరుకలోంచి బయటికి వెళుతుంది, ఊరి కళ్లుగప్పి వెళ్లదు. జగదల్‌పూర్‌లో మ్యూజియం ఉంది. రాయ్‌పూర్‌లో 1875 నుంచి నడుస్తున్న మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం ఉంది. మూత తీసే రోజున దొరికినవాడు, సర్పంచి, ఊరి పెద్ద ఒకరు ఆ గదిలో కూర్చునే హక్కు ఉండాలి. తీసే పనికి గడువు రాసి ఉండాలి, ఎందుకంటే నేలలో శతాబ్దాలు నిలిచిన కుండ సర్కారీ గోదాములో పదేళ్లకే పొడికావచ్చు. సీలు వేసిన నాటి నుంచి తొంభై రోజుల్లో తెరవడం మొదలుకాకపోతే దొరికినవాడికి సుమారు విలువలో కొంత ముందుగా చెల్లించాలన్న నిబంధన పెడితే ఆఫీసులు వాటంతటవే కదులుతాయి. నాణేలు రాజధానికి వెళ్లినా వాటి అచ్చు నమూనాలు, ఫొటోలు, చదివిన పేర్లు ఆ ఊరి బడికి తిరిగి రావాలి. ఎడెంగాలో చదివే పిల్లకు వరాహరాజు పేరు తెలిసే దారి ఇప్పుడు దాదాపు లేదు, ఆ లోటు తీర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

దీనికోసం ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు కూడా. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 44వ అంశం నిక్షేపాలే. రాయ్‌పూర్ శాసనసభ తలచుకుంటే బస్తర్ వరకు నోటీసులోని ‘పరిమాణం’ అనే మాటను తీసేసి ‘మూసి ఉన్న స్థితిలో బరువు’ అని పెట్టుకోవచ్చు. 16వ సెక్షన్‌లోని ఐదో వంతును మార్కెట్ ధరగా మార్చుకోవచ్చు. పది రూపాయల హద్దునూ సవరించుకోవచ్చు. హైదరాబాద్, అమరావతి శాసనసభలకూ తమ నేల వరకు అదే అధికారం ఉంది. మూడు సభల్లో ఏది ముందు బిల్లు తెచ్చినా మిగతా రెండింటికి అది నమూనాగా పనికొస్తుంది. గోదావరికి ఇవతల దొరికే శాతవాహన సీసపు నాణేల కుండకూ, ఇంద్రావతి ఒడ్డున దొరికే నలుల బంగారు రేకులకూ కావలసిన నిబంధన ఒకటే.